నొప్పి భుజానికి.. భారం జేబుకి!

బరంపురం దేరా వీధుల్లో మగ్గం దగ్గర కూర్చున్న మనిషిని ‘ఒళ్లు ఎలా ఉంది?’ అని అడిగితే వచ్చే జవాబు దాదాపు ఒక్కటే. ‘ఏటి సెప్పమంతారు బాబూ.. నరం పట్టీసింది. సెయ్యి పైకి లేవట్నేదు’. గోపాల్‌పూర్ తీరంలో వల లాగే తెలుగు జాలరిదీ ఇదే మాట. సూరత్ మరమగ్గాల మీద పన్నెండేసి గంటలు నిలబడి ఊరికి తిరిగొచ్చిన గంజాం కుర్రాడిదీ ఇదే మాట.

ఈ నొప్పికి ఇప్పుడు కొత్త వైద్యం పేరు వినిపిస్తోంది. అదే అయస్కాంత చికిత్స. కోత లేదు, సూది లేదు, మాత్ర లేదు.. యంత్రం కింద కాసేపు కూర్చుంటే చాలంటున్నారు. కష్టజీవికి ఇంతకంటే తీపి కబురు ఏముంటుంది? అందుకే అందులో నిజమెంత, నీళ్లెన్ని అన్నది ముందే చూసుకోవాలి.

నరమా.. తాడా?

అసలు తిరకాసు మాటలోనే ఉంది. కండను ఎముకకు కట్టి ఉంచే గట్టి తాడులాంటి భాగాన్ని డాక్టర్లు టెండన్ అంటారు. పుస్తకాల్లో స్నాయువు అని రాస్తారు. జనం నోట మాత్రం అదీ నరమే, ఇదీ నరమే. రెండూ వేర్వేరు. నరం నలిగితే తిమ్మిరి, మంట, సూదులు గుచ్చినట్టు ఉండటం ఎక్కువ. తాడు దెబ్బతింటే చెయ్యి ఎత్తినప్పుడో బరువు పట్టినప్పుడో ఒకేచోట పోటు వస్తుంది. నాడె విసిరీ విసిరీ, వల లాగీ లాగీ అరిగేది ఎక్కువగా ఈ తాడే. దానికి నెత్తురు సరఫరా తక్కువ. అందుకే మానడానికి వారాలు కాదు, నెలలు పడుతుంది.

ఇచ్ఛాపురం, కవిటి, సోంపేటల నుంచి బరంపురం ఆస్పత్రులకు వచ్చేవాళ్లకు ఇంకో చిక్కు కూడా ఉంది. సలుపు, పోటు, గుంజుడు, తిమ్మిరి.. ఈ నాలుగు మాటలకూ తేడా తెలిసిన తెలుగు రోగి, ఒడియా డాక్టరు ముందు ‘నొప్పి’ అని ఒక్క ముక్క చెప్పి ఊరుకుంటాడు. జబ్బు సగం అక్కడే తప్పిపోతుంది.

రెండు రకాల అయస్కాంతాలు

అయస్కాంతం పేరుతో అమ్మేవన్నీ ఒకటి కావు. మొదటి రకం పట్టీలు, కంకణాలు, పరుపులు. వీటిలో ఉండేది మామూలు అయస్కాంతపు బిళ్లలే. నొప్పి తగ్గడానికి ఇవి పనికొస్తాయనేందుకు ఆధారం లేదని కెనడా వైద్య పత్రికలో 2007లో వచ్చిన సమీక్ష తేల్చింది. ఈ మోజు పాతదే. మెస్మర్ అనే వైద్యుడి ‘అయస్కాంత శక్తి’ వైద్యాన్ని 1784లోనే పారిస్‌లో బెంజమిన్ ఫ్రాంక్లిన్ ఉన్న సంఘం పరీక్షించి, అదంతా రోగి ఊహ ప్రభావమేనని చెప్పింది. అయినా పట్టీల అమ్మకం ఆగలేదు.

రెండో రకం వేరు. తీగచుట్టలో కరెంటును క్షణక్షణం మార్చుతుంటే చుట్టూ అయస్కాంత క్షేత్రం మారుతుంది. అది శరీరంలో చిన్న విద్యుత్తును పుట్టిస్తుంది. 1831లో ఫారడే కనిపెట్టిన సూత్రమే ఇది. అతకని ఎముకలకు ఇలాంటి పరికరాన్ని వాడేందుకు అమెరికా 1979లోనే అనుమతి ఇచ్చింది. భుజం తాళ్ల నొప్పి మీద బ్రిటన్‌లో చేసిన పరీక్ష ఫలితం 1984లో లాన్సెట్ పత్రికలో వచ్చింది. నిజం యంత్రం పెట్టినవారికి ఉత్తుత్తి యంత్రం పెట్టినవారికంటే మొదటి నాలుగు వారాల్లో మేలు కనిపించింది. కాబట్టి దీన్ని మొత్తంగా బూటకం అని కొట్టిపారేయడం తప్పు.

అలాగని నెత్తిన పెట్టుకోవడమూ తప్పే. ఆ పరీక్షలో ఉన్నది 29 మంది. భుజం తాళ్లకు వాడే రకరకాల విద్యుత్ చికిత్సల మీద జరిగిన 47 పరిశోధనలను 2016లో కాక్రేన్ సమీక్ష ఒకచోట చేర్చి చూసింది. వాటి ఆధారాల్లో ఎక్కువ భాగం నాసిరకమని తేల్చింది. ‘పనిచేయొచ్చు’ అనడానికీ, ‘గ్యారంటీ’ అనడానికీ మధ్య ఉన్న దూరం ఇదే. ఆ దూరాన్ని చెప్పకుండా పది సిట్టింగులకు ముందే డబ్బు కట్టించుకునేవారిని ఏమనాలి?

డబ్బు ఖర్చు లేని మందు

విచిత్రం ఏమిటంటే, తాడు జబ్బుకు ఇప్పటికి బాగా నిలబడిన వైద్యానికి యంత్రమే అక్కర్లేదు. స్వీడన్‌లో ఆల్ఫ్రెడ్‌సన్ బృందం మడమ తాడు నొప్పితో పరుగు మానేసిన 15 మందికి 12 వారాలు బరువుతో కూడిన వ్యాయామం చేయించింది. అందరూ మళ్లీ పరుగు మొదలెట్టారు. 1998 నాటి ఆ ఫలితం తర్వాత ప్రపంచమంతా ఇదే దారి పట్టింది. మెల్లగా, లెక్కగా బరువు పెంచుతూ పోతే తాడు గట్టిపడుతుంది. యంత్రం పెట్టినా దీనికి తోడుగానే పెట్టాలి తప్ప దీనికి బదులుగా కాదు.

కానీ వ్యాయామంలో అమ్ముకోవడానికి ఏమీ లేదు. అందుకే దానికి బోర్డూ లేదు, ప్రచారమూ లేదు. పైగా కూలి మనిషికి ఓపిక పట్టే వీలూ ఉండదు. ‘కొన్నాళ్లు ఆ పని తగ్గించు’ అంటే ఇంట్లో పొయ్యి ఎవరు వెలిగిస్తారు? జీఐ గుర్తింపు ఉన్న బరంపురం పట్టు చీర మెరుపు అందరికీ కనిపిస్తుంది. దాన్ని నేసిన భుజం ఎవరికీ కనిపించదు. ఒడిశాలో 2025లో ఆయుష్మాన్ భారత్ అమల్లోకి వచ్చింది. అయితే అది ప్రధానంగా ఆస్పత్రిలో చేరినవారి ఖర్చుకే. రోజూ వెళ్లి వచ్చే చికిత్స ఖర్చు జేబులోంచే పోవాలి.

అడిగితేనే అన్నం

ఇక్కడ చేయాల్సినవి పెద్ద పనులేమీ కావు. చికిత్స పెట్టే ప్రతిచోటా అది ఏ జబ్బుకు, ఎన్నిసార్లు, ఎంత ధర అన్నది ఒడియాతోపాటు తెలుగులోనూ రాసి పెట్టాలి. 1962 నుంచి ఈ ప్రాంతానికి పెద్ద దిక్కుగా ఉన్న ఎంకేసీజీ వైద్య కళాశాల ఆస్పత్రి లాంటిచోట భుజం, మోచేయి, మడమ వ్యాయామాలను బొమ్మలతో ఒక కాగితం మీద అచ్చువేసి రెండు భాషల్లో ఇస్తే వేలమందికి మేలు. నేత సంఘాలు, జాలరి సంఘాలు ఏడాదికోసారైనా ఫిజియోథెరపిస్టును పిలిపించాలి. తప్పుదోవ పట్టించే ప్రకటనలకు 2019 వినియోగదారుల రక్షణ చట్టం కింద పది లక్షల రూపాయల దాకా జరిమానా వేయొచ్చు. ఆ చట్టం ఉన్న సంగతి ముందు జనానికి తెలియాలి.

రోగి చేయాల్సిందీ ఉంది. యంత్రం కింద కూర్చునే ముందు నాలుగు ప్రశ్నలు అడగాలి. నాది నరం నొప్పా, తాడు నొప్పా? దీనితోపాటు ఏ వ్యాయామం చేయాలి? ఎన్ని వారాల్లో తేడా తెలియాలి? తెలియకపోతే ఏం చేస్తారు? గుండెలో పేస్‌మేకర్, చెవిలో అమర్చిన పరికరం, ఒంట్లో లోహపు ముక్క ఉన్నవారు, గర్భిణులు ఆ సంగతి మొదటే చెప్పాలి. వారికి ఇది ప్రమాదం కావచ్చు.

ఈ ప్రశ్నలకు విసుక్కోకుండా జవాబు చెప్పేచోట యంత్రం ఉన్నా మంచిదే, లేకున్నా మంచిదే. విసుక్కునేచోట మాత్రం చెప్పులు తొడుక్కుని బయటికి రావడమే మంచి వైద్యం. అయస్కాంతం ఇనుమును లాగడం సహజం. కష్టజీవి కూలి డబ్బును లాగకుండా చూసుకోవడమే ఇప్పుడు కావాల్సింది.