కుడికాలి కింద కిఫాయత్



ఈ మధ్య మనవాళ్ళలో హైబ్రిడ్ కార్ల జిక్ర్ బాగా పెరిగింది. వలీమా దావత్‌లో బిర్యానీ కోసం ఎదురుచూస్తున్నా, జుమా నమాజ్ అయ్యాక మస్జిద్ మెట్ల దగ్గర చెప్పులు వెతుక్కుంటున్నా ఎవరో ఒకరు పట్టుకుని అడుగుతారు: "భాయ్, అది నిజంగా ఇరవై ఎనిమిది ఇస్తుందా?" అడగడంలో తప్పు లేదు. 2022లో టొయోటా హైరైడర్, మారుతి గ్రాండ్ విటారా బజారులోకి వచ్చినప్పుడు లీటరుకు 27.97 కిలోమీటర్లు అన్న అంకెనే ముందు పెట్టి అమ్మారు. రెండూ బిడది ఫ్యాక్టరీలో తయారైన అన్నదమ్ములే, బంపర్లు వేరు, పేర్లు వేరు. హోండా సిటీ హైబ్రిడ్ కూడా ఇంచుమించు అదే దావా చేసింది.

ఆ అంకె ఝూట్ కాదు. కానీ అది మెహదీపట్నం అంకె కాదు. కారును ల్యాబ్‌లో రోలర్ల మీద నిలబెట్టి, ఏసీ ఆపి, ముందే రాసిపెట్టిన వేగాల ప్రకారం నడిపితే వచ్చిన అంకె. అక్కడ ఎదురుగాలి ఉండదు, ఎర్రటి ఎండ ఉండదు, ఉల్టా సైడ్‌లో వచ్చే ఆటో ఉండదు. అందరినీ ఒకే తక్కెడలో తూచడానికి అది పనికొస్తుంది. మన జేబు హిసాబ్‌కి పనికిరాదు.

ఈ విషయంలో నా రాయ్ ఒక్కటే. హైబ్రిడ్ కొంటూ ముందే మూడు లక్షలు ఎక్కువ పెడుతున్నాం. ఆ రఖమ్‌ను వాపస్ తెచ్చేది బ్యాటరీ ఒక్కటే కాదు, మన కుడికాలు కూడా. కాలి మిజాజ్ మారకపోతే ఆ మూడు లక్షలు షోరూమ్ వాడికి ఖైరాత్ చేసినట్టే.

లెక్క చూడండి. మామూలు ఆటోమేటిక్ పెట్రోల్ కారు మన ట్రాఫిక్‌లో లీటరుకు 12 ఇస్తుందనుకుందాం. హైబ్రిడ్ 20 ఇస్తుందనుకుందాం. నెలకు వెయ్యి కిలోమీటర్లు, పెట్రోల్ లీటరు 107 రూపాయలు అనుకుందాం. మొదటి కారుకు నెలకు సుమారు 8,900 అవుతుంది, రెండోదానికి 5,350. నెలకు మిగిలేది 3,550. మూడు లక్షలు వసూలు కావడానికి ఏడేళ్ళు. ఇప్పుడు అదే హైబ్రిడ్‌ను తొందర మనిషి నడిపాడనుకోండి. 20 కాస్తా 16 అయింది. మిగిలేది నెలకు 2,230, వసూలు కావడానికి పదకొండేళ్ళు. టొయోటా ఆ హైబ్రిడ్ బ్యాటరీకి ఇచ్చే వారంటీ 8 ఏళ్ళు లేదా 1,60,000 కిలోమీటర్లు. అంటే ఒకరి డబ్బు వారంటీ లోపలే తిరిగొస్తుంది, ఇంకొకరిది వారంటీ దాటి మూడేళ్ళయ్యాక. కారు అదే, పెట్రోల్ అదే.

ఇంకో మాట. నెలకు అయిదొందల కిలోమీటర్లే తిరిగేవాళ్ళు ఎంత నాజూకుగా నడిపినా వాళ్ళకు ఇది పధ్నాలుగేళ్ళ సౌదా. వాళ్ళు హైబ్రిడ్ కొనకపోవడమే కిఫాయత్. మనలో చాలామంది బ్యాంకు వడ్డీ వద్దనుకుని చీటీ ఎత్తి, ఇంట్లో జేవర్ అమ్మి నఖ్ద్‌గా బండి కొంటారు. అలాంటి హలాల్ కమాయీ మూడు లక్షలంటే ఆషామాషీ కాదు. రోజూ ఎనభై, నూరు కిలోమీటర్లు ఊర్లోనే తిరిగే క్యాబ్ భాయ్‌కి మాత్రం ఇది మాషా అల్లాహ్ మంచి సౌదా. "స్మార్ట్ హైబ్రిడ్" అని బ్యాడ్జీ ఉన్న చవక బండ్లు వేరే కౌమ్. వాటి మోటారు ఇంజన్‌కు కాస్త చేయూతనిస్తుంది అంతే, బండిని ఒంటరిగా లాగలేదు. నేను చెప్పేది వాటి గురించి కాదు.

ఇక నడపడం సంగతి. టోలిచౌకి నుంచి మెహదీపట్నం రైతుబజార్ దాకా సాయంత్రం ఆరింటికి వెళ్ళి చూడండి. ప్రతి వంద గజాలకు ఒక బ్రేకు. మామూలు బండికి ఇది ఖయామత్. ఆగి ఉన్నప్పుడు కూడా ఇంజన్ తాగుతూనే ఉంటుంది, కదిలిన ప్రతిసారీ ఇంకాస్త తాగుతుంది, బ్రేకు వేసినప్పుడు ఆ మెహనత్ అంతా వేడిగా గాల్లో కలిసిపోతుంది. హైబ్రిడ్‌లో ఆగినప్పుడు ఇంజన్ ఖామోష్. బండిని కదిలించేది మోటారు. బ్రేకు వేస్తే అదే మోటారు డైనమోగా మారి కొంత కరెంటు బ్యాటరీకి వాపస్ పంపుతుంది. అందుకే లోకం ఉల్టా అయినట్టు హైబ్రిడ్‌కు హైవే కన్నా ఊరే మేలు.

ఇక్కడే పెద్ద గలత్‌ఫహ్మీ ఒకటి పుట్టింది. బ్రేకు వేస్తే ఛార్జ్ అవుతుంది కాబట్టి బ్రేకు వేయడం ఫాయిదా అనుకుంటున్నారు. కాదు. వంద రూపాయలు పారేసుకున్నవాడికి ఎవరో దయతలచి అందులో కొంత తెచ్చి ఇచ్చినట్టు అది. షుక్రియా చెప్పాలి గానీ, రేపు మళ్ళీ వంద పారేసుకోకూడదు. అసలు ఫాయిదా బ్రేకు అవసరం రాకుండా చూసుకోవడంలో ఉంది. ముందు సిగ్నల్ ఎర్రగా కనిపించగానే కాలు తీసేయండి, బండి జారుతూ పోనివ్వండి. మీరు చేరేలోపు పచ్చ పడితే అల్‌హమ్దులిల్లాహ్, పడకపోతే మెల్లగా, తొందరగా మొదలుపెట్టి నొక్కండి. చివరి నిమిషంలో గట్టిగా తొక్కితే మోటారు పట్టుకోగలిగినదానికి మించిన భారం మామూలు బ్రేకు ప్యాడ్ల మీద పడుతుంది, అది వేడిగా పోయినట్టే.

రెండో గలత్‌ఫహ్మీ "ఈవీ" బటన్. అది నొక్కితే ముఫ్త్‌లో నడుస్తున్నామని ఖుషీ. ఈ బండ్లకు ఇంట్లో ప్లగ్ పెట్టరు కదా, మరి ఆ కరెంటు ఎక్కడిది? పెట్రోల్ కొన్నదే. హైరైడర్ బ్యాటరీ ఒక యూనిట్ కూడా కాదు, 0.76 యూనిట్. పెద్ద గుల్లక్ కాదది, బీరువా చిల్లర డబ్బా. దాన్ని బలవంతంగా ఖాళీ చేయిస్తే తర్వాత నింపడానికి ఇంజన్ లేచి కూర్చుంటుంది. ఎప్పుడు ఏది వాడాలో కంప్యూటర్‌కు వదిలేయండి. రాత్రి గల్లీలోకి చప్పుడు లేకుండా వచ్చి పడోసీల నిద్ర చెడగొట్టకుండా ఉండటానికి ఆ బటన్ మంచిదే, అది వేరే సవాబ్.

మూడోది నాకు నవ్వు తెప్పించేది. ఇంజన్ లేవకూడదని కొందరు సిగ్నల్ నుంచి చీమలా కదులుతారు. వెనక యాభై మంది హారన్లు, ముందు ఖాళీ రోడ్డు, వీరి కళ్ళు మీటర్ మీద పచ్చ దీపం మీద. దీనివల్ల మిగిలేది ఏమీ లేదు. ఈ ఇంజన్లను అట్కిన్సన్ పద్ధతిలో చేస్తారు, ఓ మోస్తరు బరువు లాగేటప్పుడే అవి పెట్రోల్‌ను బాగా సద్వినియోగం చేస్తాయి. అందుకని బయల్దేరేటప్పుడు మధ్యస్తంగా తొక్కి, ఇంజన్‌ను దాని పని చేయనిచ్చి, కావలసిన వేగం రాగానే కాలు ఒకసారి పూర్తిగా ఎత్తి, మళ్ళీ ఈకంత బరువు పెట్టండి. ఇంజన్ పడుకుంటుంది, బండి జారుతూ పోతుంది. మీటర్‌లో సూది ఎటు పోతుందో నాలుగు రోజులు గమనిస్తే కాలికి ఆదత్ పడిపోతుంది. తర్వాత మీటర్ వైపు చూడకండి, రోడ్డు చూడండి. సిగ్నల్ దగ్గర న్యూట్రల్‌లో వేసే పాత అలవాటు మాత్రం మానండి. టొయోటా హైబ్రిడ్‌లో న్యూట్రల్‌లో బ్యాటరీ ఛార్జ్ కాదు, డ్రైవ్‌లోనే ఉంచి బ్రేకు మీద కాలు పెట్టుకుంటే చాలు.

హైవే మాటకొస్తే అక్కడ ఈ కరామత్ చాలావరకు ఖతమ్. ఆగేది లేదు, బ్రేకు లేదు, వాపస్ వచ్చే కరెంటు లేదు. మిగిలేది మీకూ గాలికీ జంగ్. గాలి అడ్డంకి వేగం వర్గంతో పెరుగుతుంది. 80 నుంచి 110కి పోతే దాదాపు రెట్టింపు. గచ్చిబౌలి నుంచి శంషాబాద్ దాకా ఔటర్ రింగ్ రోడ్డు మీద సుమారు పాతిక కిలోమీటర్లు. 110లో పోతే 80లో పోయినవాడికన్నా అయిదు నిమిషాలు ముందు చేరతారు. ఆ అయిదు నిమిషాలు ఎయిర్‌పోర్ట్ పార్కింగ్ టికెట్ దగ్గరే పోతాయి. మెహదీపట్నం నుంచి ఆరాంఘర్ దాకా పీవీ ఎక్స్‌ప్రెస్‌వే 11.6 కిలోమీటర్లు సిగ్నల్ లేకుండా ఉంది, ఒకే నిదానంలో పోతే మైలేజీ ఎక్కడికి ఎక్కుతుందో ఆ ముక్కలోనే చూసుకోవచ్చు.

ఇక రంజాన్‌లో ఇఫ్తార్‌కు ముందు అరగంట. రోజంతా సబర్ చేసినవాళ్ళు ఆ అరగంటలో సబర్ అంతా యాక్సిలేటర్ మీద కుమ్మరిస్తారు. మగ్రిబ్ అజాన్‌కు ముందు పాత బస్తీ రోడ్ల మీద జరిగేదాన్ని డ్రైవింగ్ అనలేం. కారులో రెండు ఖర్జూరాలు, ఒక నీళ్ళ సీసా పెట్టుకుంటే సరిపోయే సంగతి. పెట్రోల్ సంగతి పక్కన పెట్టండి, ఆ హడావుడిలో బండి కింద పడేవాడు కూడా రోజాలోనే ఉంటాడు.

ఇస్రాఫ్ వద్దని మన దీన్ ఎంత గట్టిగా చెప్పిందో, బుఖ్ల్, అంటే పిసినారితనం, వద్దని కూడా అంతే చెప్పింది. మైలేజీ పిచ్చి పట్టినవాళ్ళు ఇస్రాఫ్ నుంచి పారిపోతూ నేరుగా బుఖ్ల్‌లో పడుతున్నారు. మే నెలలో వెనక సీట్లో బూఢీ అమ్మీ దుపట్టాతో విసురుకుంటుంటే ఏసీ ఆపేవాడి మైలేజీ నాకు వద్దు. ఏసీ కంప్రెసర్ ఈ బండ్లలో బ్యాటరీ కరెంటుతో తిరుగుతుంది. కాబట్టి ఎండలో ఆగి ఉన్నా ఇంజన్ మధ్యమధ్య లేస్తుంది, లేవనివ్వండి. నీడలో నిలపండి, ఎక్కగానే అద్దాలు దించి ఒక నిమిషం వేడిని బయటికి పంపండి, తర్వాత 24, 25లో పెట్టి లోపలి గాలినే తిప్పండి. ఇది కిఫాయత్. అమ్మీని ఉడకబెట్టడం కిఫాయత్ కాదు. గాలి అడ్డు తగ్గుతుందని లారీ వెనక అతుక్కుని పోవడం మరీ అన్యాయం. లారీ బ్రేకు వేస్తే మిగిలిన పెట్రోల్‌తో ఏం చేస్తారు? జాన్ హై తో జహాన్ హై అని ఊరికే అనలేదు పెద్దలు. కుడి లేన్‌లో 50లో పోతూ వెనకవాళ్ళకు దారి ఇవ్వకపోవడం కూడా హుఖూకుల్ ఇబాద్ కిందికే వస్తుంది, తోటివాళ్ళ హక్కు అది.

చిన్నచిన్నవి ఇంకొన్ని. టైర్లలో గాలి పది రోజులకోసారి, బండి చల్లగా ఉన్నప్పుడు, డోర్ దగ్గర స్టిక్కర్ మీద రాసినంత. పంక్చర్ షాపు భాయ్ అందాజాతో కొట్టినంత కాదు. ఇంజన్ ఆయిల్ కంపెనీ పుస్తకంలో ఉన్న పలుచని గ్రేడే పోయించండి. "గర్మీకి గాఢా ఆయిల్ మంచిది భాయ్" అనే ఉస్తాద్‌కు సలాం చెప్పి వచ్చేయండి. పాల ప్యాకెట్‌కు ఒకసారి, కొత్తిమీరకు ఒకసారి బండి తీయకండి. ఇంజన్ వేడెక్కేదాకా తాగే పెట్రోల్ అలాంటి చిన్న చక్కర్లలోనే ఎక్కువ పోతుంది. రెండు పనులు కలిపి ఒకేసారి వెళ్ళండి, లేదా నడవండి. ఇప్పుడు బంకుల్లో వచ్చేది ఇరవై శాతం ఇథనాల్ కలిపిన పెట్రోల్. ఇథనాల్‌లో శక్తి పెట్రోల్ కన్నా మూడోవంతు తక్కువ, కాబట్టి ఆ మేరకు మైలేజీ కొంచెం పడుతుంది. దానికి మీ కాలిని తిట్టుకోకండి.

డ్యాష్‌బోర్డ్ మీద కనిపించే అంకెను కూడా ఆఖరి ఫత్వాలా తీసుకోకండి. అది ఒక్కోసారి ఖుషామద్ చేస్తుంది. ట్యాంకు నింపించి, నాజిల్ టక్కున ఆగిన చోట ఆపించండి, ట్రిప్ మీటర్ సున్నా చేయండి. మళ్ళీ నింపేటప్పుడు అదే బంకు, వీలైతే అదే పంపు. తిరిగిన కిలోమీటర్లను పోసిన లీటర్లతో భాగించి డైరీలో రాయండి. ఒక ట్యాంకుతో ఏమీ తేలదు. అయిదారు ట్యాంకులు గడిచాక సగటు తీయండి. ఆ సగటు 18 దాటి 20 వైపు పోతుంటే మీ మూడు లక్షలు ఇంటిదారి పట్టినట్టే. 16 దగ్గరే నిలబడితే సర్వీస్ సెంటర్‌కు పోయేముందు ఒక వారం బండి తాళం ఇంట్లో నెమ్మదస్తురాలైన బేగం చేతికో బేటీ చేతికో ఇచ్చి, అదే దారిలో నడపమనండి.