నర్సు బిడ్డకు "ఓర్చుకో" అని చెప్పే ముందు



చిక్కబళ్లాపురం, బాగేపల్లి, చింతామణి నుంచి నర్సింగ్ చదివి బెంగళూరు ఆస్పత్రుల్లో చేరిన ఆడబిడ్డలు చాలామంది ఉన్నారు. టమాటా ధర పడిపోయిన నెలలో ఆ జీతమే ఇల్లు నడుపుతుంది. జీతం ఎంతని అందరం అడుగుతాం. నిద్ర పడుతోందా అని ఎవరూ అడగరు.

డిప్రెషన్ అంటే ఒకపూట దిగులు కాదు. రెండు వారాలు, దాదాపు రోజంతా మనసు బరువుగా ఉండటం, దేనిమీదా ఇష్టం లేకపోవడం, నిద్ర, ఆకలి చెడిపోవడం, బతుకు ఎందుకనిపించడం. ఇది జబ్బు. పిరికితనం కాదు.

నర్సులకు ఇది ఎందుకు వస్తుంది? వంశంలో ఉండొచ్చు, ఇంతకుముందు ఒకసారి వచ్చి ఉండొచ్చు. కానీ పెద్ద కారణాలు డ్యూటీ చార్టులోనే ఉన్నాయి. వరుస నైట్ డ్యూటీలు. చాలని సిబ్బంది. చదువు కోసం చేసిన అప్పు. కళ్లముందు చావులు. మళ్లీ ఇంటికొచ్చి వంట, పిల్లలు.

భారత నర్సింగ్ కౌన్సిల్ లెక్క ప్రకారం బోధనాస్పత్రి వార్డులో ముగ్గురు రోగులకు, మామూలు ఆస్పత్రిలో ఐదుగురికి ఒక నర్సు ఉండాలి. సుప్రీంకోర్టు 2016లో చెప్పాక కేంద్రం వేసిన కమిటీ, 50 పడకల లోపు ప్రైవేటు ఆస్పత్రిలోనూ జీతం నెలకు 20,000 రూపాయలకు తగ్గకూడదంది. మీ బిడ్డ వార్డులో ఎంతమందిని చూస్తోందో, ఎంత తెస్తోందో ఒకసారి అడిగి చూడండి.

ఇందులో మన పాలూ ఉంది. రోగిని చూడటానికి పదిమంది వెళ్లి, డాక్టరు ముందు చేతులు కట్టుకుని, నర్సు మీద అరిచేది మనమే. ఆమె కూడా ఎవరో ఒకరి ఇంటి బిడ్డే కదా!

"బయటికి తెలిస్తే పెళ్లి కుదరదు" అని దాచేవాళ్లకు ఒక మాట. 2017 మానసిక ఆరోగ్య చట్టం ప్రకారం చికిత్స వివరాలు గోప్యంగా ఉంచాలి. 14416 టెలీ మానస్ నంబరుకు రాత్రి పగలు ఎప్పుడైనా ఉచితంగా మాట్లాడొచ్చు, తెలుగులోనూ కన్నడలోనూ. మనోచైతన్య పథకం కింద తాలూకా ఆస్పత్రుల్లో మంగళవారం మానసిక వైద్యులు చూసే ఏర్పాటు ఉంది. నిమ్హాన్స్ మనకు రెండు మూడు గంటల దారి.

సంఘానికి నా విన్నపం ఒక్కటే. వచ్చే సమావేశానికి మన నర్సు బిడ్డలను పిలుద్దాం. సన్మానానికి కాదు, శాలువాలు వద్దు. వాళ్లు మాట్లాడాలి, మనం వినాలి. జీతం, డ్యూటీల గురించి ఎవరికైనా అర్జీ రాయాలంటే సంఘం లెటర్‌హెడ్ మీదే రాద్దాం. ఒంటరిగా అడిగితే ఉద్యోగం పోతుందన్న భయం వాళ్లకుంది. సంఘం ఉన్నది అందుకే కదా?