బెత్తం తీసేయండి, పిల్లల్ని అడగనివ్వండి



"బీహారోళ్లొచ్చి ఊరు పాడు చేస్తున్నారు సార్." హైదరాబాద్ బళ్లలో పిల్లలు ఈ మాట అలవోకగా అనేస్తున్నారు. వెనక బెంచీలో బీహార్ నుంచి వచ్చిన సెంట్రింగ్ మేస్త్రీ కొడుకు తల వంచుకుని వింటుంటాడు. ఇది రీల్స్ నేర్పిందని తిట్టుకుని ఊరుకుందామా? ఇందులో బడి వాటా ఎంతో కూడా చూద్దాం.

నిరంకుశ స్వభావానికి మూడు లక్షణాలున్నాయని కెనడా మనస్తత్వవేత్త బాబ్ ఆల్టెమేయర్ 1981లో రాశాడు: పైవాడు ఏమన్నా తలూపడం, అతడు వేలెత్తి చూపినవాళ్ల మీద పడడం, నలుగురిలా నడవనివాణ్ణి సహించకపోవడం. మొదటిదాన్ని మనం బుద్ధిమంతుడి లక్షణం అంటున్నాం! క్లాస్ లీడర్ సంగతే చూడండి. టీచర్ బయటికెళ్తే మాట్లాడినవాళ్ల పేర్లు బోర్డు మీద రాస్తాడు. టీచరొచ్చి వాళ్లను కొడతారు. ఎందుకు మాట్లాడావని అడిగే నాథుడుండడు. ఇలా పెరిగినవాడికి యాస వేరైన పిల్లవాడు కూడా బోర్డెక్కాల్సిన పేరులాగే కనిపిస్తాడు. ఉద్యోగాల కరువూ, ఓట్ల వేటా ఈ ద్వేషాన్ని పెంచుతున్న మాట నిజమే. కానీ "అంతా వాళ్ల వల్లే" అని ఎవరైనా అంటే "ఎలా?" అని అడిగే అలవాటు బడిలోనే రావాలి.

అడిగితే చాలా తెలుస్తుంది. 2020 లాక్‌డౌన్‌లో వలస కూలీలను సొంతూళ్లకు చేర్చిన శ్రామిక్ రైళ్లలో దేశంలోనే మొదటిది మే 1న మన హైదరాబాద్ లింగంపల్లి నుంచే జార్ఖండ్‌లోని హటియాకు బయల్దేరింది. వారం తిరిగేసరికి రైసుమిల్లుల్లో బస్తాలెత్తడానికి బీహార్‌లోని ఖగారియా నుంచి హమాలీలను అదే లింగంపల్లికి రైల్లో రప్పించుకున్నాం. మనమూ వేరేచోట వలసవాళ్లమే: 2017లో అమెరికాలోని కాన్సస్‌లో మన తెలుగువాడు కూచిభొట్ల శ్రీనివాస్‌ను చంపినవాడు మా దేశం వదిలిపొమ్మని అరుస్తూ కాల్చాడు. ఈ సంగతులు ఒకే పీరియడ్‌లో చెప్పి, టీచర్ ఓ పక్కకు వెళ్లి కూర్చోవాలి. వాదన పిల్లలే చేసుకుంటారు. చివర్లో తీర్పు చెప్పకండి. వారానికి ఒక్క పీరియడ్ చాలు.

పిల్లలు భయం లేకుండా అడగాలంటే ముందు బెత్తం పోవాలి. దెబ్బల్నీ, మానసిక వేధింపునీ నిషేధించే విద్యాహక్కు చట్టం 17వ సెక్షన్ 2010 నుంచి అమల్లో ఉంది. బెత్తం లేకపోతే క్రమశిక్షణ పోతుందంటారా? బెత్తంతో వచ్చేది టీచర్ గుమ్మం దాటేదాకే! లీడర్‌ను పిల్లలే ఎన్నుకోవాలి, బోర్డు మీద పేర్లు రాయించడం ఆపాలి. టీసీ లేదని, వయసు సర్టిఫికెట్ లేదని వలస కూలీల పిల్లల్ని వెనక్కి పంపడం కూడా చట్టవిరుద్ధమే. చేర్చుకున్నాక వాళ్లను మూలన కూర్చోబెట్టకండి, సైన్స్ ప్రాజెక్టులో, కబడ్డీ జట్టులో కలపండి.

ప్రభుత్వ బడి యాజమాన్య కమిటీలో కనీసం నాలుగింట మూడు వంతులు తల్లిదండ్రులే ఉండాలని అదే చట్టం చెబుతోంది. తల్లిదండ్రులారా, వచ్చే సమావేశానికి ఈ కాగితం తీసుకెళ్లండి. ఈ మార్పులపై తీర్మానం చేసి మినిట్స్‌లో రాసేదాకా సంతకం పెట్టకండి.