మూలన యంత్రం పెడితే చాలదు



అంబత్తూరులో రిటైరైన మన కార్మికులను పలకరించడానికి వెళితే, కొన్ని ఇళ్లలో మంచం పక్కన ఆక్సిజన్ యంత్రం కనబడుతున్నది. బ్లోరూములోనూ కార్డింగులోనూ ఏళ్ల తరబడి పత్తి దుమ్ము పీల్చిన మనుషులు ముక్కుకు గొట్టంతో కూర్చొని ఉంటారు. ఒక ఇంట్లో పట్టపగలే యంత్రం ఆపేసి ఉంది. ఎందుకన్నా అని అడిగితే, "కరెంటు బిల్లు ఎవరు కడతారు తమ్ముడూ? రాత్రికి పెట్టుకుంటాలే" అన్నాడాయన.

ఈ ఆక్సిజన్ ఆయాసం వచ్చినప్పుడు కాసేపు పీల్చి వదిలేసేది కాదు. రక్తంలో ఆక్సిజన్ బాగా తగ్గిన రోగులు రోజుకు కనీసం 15 గంటలు పెట్టుకుంటే ఆయుష్షు పెరుగుతుందని 1980లో అమెరికాలో, 1981లో బ్రిటన్‌లో వెలువడిన పరిశోధనలు తేల్చాయి. బిల్లుకు భయపడి గంటలు తగ్గించడమంటే ఆయుష్షు తగ్గించుకోవడమే.

లెక్క చూడండి. 5 లీటర్ల యంత్రానికి సుమారు 350 వాట్ల కరెంటు కావాలి. 15 గంటలకు 5 యూనిట్లు, రెండు నెలల బిల్లుకు 300 యూనిట్లు దాటుతుంది. 2016లో తమిళనాడు ప్రభుత్వం ఇళ్లకు ఉచితం చేసింది 100 యూనిట్లే.

ఈ జబ్బు ఎక్కడినుంచి వచ్చింది? పత్తి దుమ్ము వల్ల వచ్చే బిసినోసిస్‌ను 1948 నాటి ఈ.ఎస్.ఐ. చట్టమే వృత్తి వ్యాధిగా గుర్తించింది. దాని స్థానంలో వచ్చిన 2020 నాటి సామాజిక భద్రతా కోడ్‌లోనూ అది ఉంది. అయినా మన వాళ్ల చీటీల మీద ఉబ్బసమనో బీడీ దగ్గనో రాసి పంపడం చూస్తున్నాము.

మా కోరికలు ఇవి:

1. పత్తి ఖాతాల్లో పనిచేసి ఆయాసపడుతున్న ప్రతి ఒక్కరినీ వృత్తి వ్యాధి ఉందేమోనని పరీక్షించాలి.
2. డాక్టరు రాసిన వారికి ఈ.ఎస్.ఐ. ద్వారా యంత్రమూ, కరెంటు పోతే వాడుకోను ఒక సిలిండరూ ఇవ్వాలి.
3. అటువంటి ఇళ్లకు కరెంటు రాయితీ ఇవ్వాలి.

ఇది గొంతెమ్మ కోరిక కాదు. జపానులో ఇంటి ఆక్సిజన్‌ను 1985లోనే ఆరోగ్య బీమాలో చేర్చారు.

ఇంటివారికి ఒక మాట. యంత్రం దగ్గర బీడీ, పొయ్యి, దీపం, అగరుబత్తి వద్దు. డాక్టరు చెప్పకుండా మీట తిప్పి ఆక్సిజన్ పెంచకండి. కొందరికి రక్తంలో బొగ్గుపులుసు వాయువు పెరిగి మగత కమ్ముతుంది. పొడుగు గొట్టం వేయిస్తే మనిషి వాకిలి దాకా నడవగలడు, నలుగురితో మాట్లాడగలడు. గొట్టం చూసి ఆయన పని అయిపోయిందనుకోకండి. సభ్యులు తీరిక చేసుకొని వెళ్లి ఆయన పక్కన ఒక గంట కూర్చోండి.

ఇప్పుడు పనిలో ఉన్నవారికీ చెబుతున్నాము. సెలవు గడిచి సోమవారం పనిలోకి దిగగానే ఛాతీ పట్టేస్తుంటే అది ఈ జబ్బుకు తొలి గుర్తు కావచ్చు. దాచుకోవద్దు. యూనియన్ ఆఫీసుకు రండి, డాక్టరు దగ్గరికి మేము వెంట వస్తాము. ఆ యంత్రం మీ ఇంటి మూలకు వచ్చేదాకా ఆగవద్దు.