అందం కొయ్యది, ప్రాణం చేపది

కొయ్య వల కొనేవారు పిడి నగిషీ చూసి మురిసిపోతారు. చేపను బతికించేదీ చంపేదీ మాత్రం దాని కింద వేలాడే సంచే

హిమాచల్ ప్రదేశ్‌లోని తీర్థన్ నదిలో మోకాలి లోతు చన్నీళ్లలో నిలబడి, ఈకలతో, దారంతో కట్టిన ఉత్తుత్తి పురుగును నీటి మీదికి విసిరే వేటగాడి వీపున ఒక చిన్న వల వేలాడుతుంటుంది. చూడ్డానికి టెన్నిస్ రాకెట్‌కు దగ్గరి చుట్టంలా ఉంటుంది. గాలం కర్ర కోసం నెలల తరబడి వాకబు చేసేవారు కూడా ఈ వలను చివరి నిమిషంలో, పిడి మెరుపు చూసి కొనేస్తారు. నిజానికి మనిషి చెయ్యి కన్నా ముందు చేపకు తగిలేది అదే.

ఈ వేటలో పడే ట్రౌట్ మన చేప కాదు. బ్రిటిష్ హయాంలో 1900లో కాశ్మీర్‌కు, అక్కడినుంచి 1909లో కులు లోయకు గుడ్ల రూపంలో వచ్చింది. చల్లటి, స్వచ్ఛమైన నీళ్లుంటే తప్ప బతకదు. అందుకే కృష్ణా, గోదావరి తీరాల్లో కొర్రమీను, బొచ్చె రుచి తెలిసినవారికి ఇది అపరిచితం. హిమాచల్ ట్రౌట్ నదుల్లో గుడ్లు పెట్టే కాలమైన నవంబర్ నుంచి ఫిబ్రవరి చివరిదాకా వేట నిషేధం. మిగతా నెలల్లో కూడా పట్టిన చేపను తిరిగి నీళ్లలో వదిలేసే అలవాటు వేటగాళ్లలో పెరిగింది. చిక్కంతా అక్కడే. వదిలేసిన చేపంతా బతికిన చేప కాదు.

కెనడాలో ఫెర్గూసన్, టఫ్ట్స్ అనే శాస్త్రవేత్తలు 1992లో ప్రచురించిన ప్రయోగం ఈ సంగతిని తేల్చింది. అలసిపోయేదాకా ఈదించిన రెయిన్‌బో ట్రౌట్‌లను నీళ్లలోనే ఉంచితే 88 శాతం బతికాయి. 30 సెకన్లు గాలిలో ఉంచితే 62 శాతం, 60 సెకన్లు ఉంచితే 28 శాతమే మిగిలాయి. ఫొటోకు పోజిచ్చే ఒక్క నిమిషం చేపకు ఎంత ఖరీదో ఈ లెక్కే చెబుతోంది. మంచి వల చేసే మేలు ఇక్కడే ఉంది: చేపను పైకెత్తకుండా, నీళ్లలోనే నిలిపి, గాలాన్ని ఊడదీసే వీలు కల్పించడం.

అయితే ఏ వల పడితే అది ఈ పని చేయదు. బ్లూగిల్ అనే మంచినీటి చేప మీద జరిపి 2003లో ప్రచురించిన మరో అధ్యయనంలో, ముడులున్న నైలాన్, పెద్ద కళ్ల వలలు రెక్కలను, పొలుసులను ఎక్కువగా దెబ్బతీశాయని తేలింది. రబ్బరు వల, ముడుల్లేని సన్నకళ్ల వల తక్కువ హాని చేశాయి. చేప ఒంటిని కప్పి ఉంచే జిగురు పొరే దానికి కవచం. అది రాలిపోతే బూజు, సూక్ష్మక్రిములు దాడి చేస్తాయి. నదిలో హాయిగా ఈదుకుంటూ పోయిందనుకున్న చేప నాలుగు రోజుల తర్వాత చచ్చిపోతే చూసేవారుండరు.

కాబట్టి కొనుగోలు సంచితోనే మొదలవాలి. రబ్బరుది గానీ, రబ్బరు పూత పూసిన ముడుల్లేనిది గానీ మేలు. గాలం కూడా అందులో చిక్కుకోదు. సంచి అడుగు చదునుగా ఉండాలి. లోతుగా వేలాడేదైతే చేప మడత పడిపోతుంది. 30-40 సెంటీమీటర్ల చేపలు పడే చోట చట్రం లోపలి పొడవు 45 సెంటీమీటర్లకు తగ్గకుంటే మంచిది. అయితే రబ్బరు బరువు. సన్నటి చట్రానికి దాన్ని తగిలిస్తే వల ముందుకు వాలిపోతుంది. రెండూ చేతిలోకి తీసుకుని తూచి చూడకుండా డబ్బు చెల్లించకూడదు.

ఆ తర్వాతే కొయ్య సంగతి. సన్నటి చెక్క పట్టీలను తడిపి లేదా ఆవిరి పట్టి, అచ్చు చుట్టూ వంచి, ఒకదానిమీద ఒకటి జిగురుతో అతికించి చట్రం చేస్తారు. బలంగా, సాగే గుణంతో ఉండే యాష్ దీనికి పేరున్న కలప. చెర్రీ, మేపుల్, అక్రోట్ కూడా వాడతారు. చూడాల్సినవి మూడు. చెక్క నార చట్రం పొడవునా సాగాలి. అడ్డంగా తెగితే వంపు దగ్గర విరుగుతుంది. పొరల మధ్య జిగురు గీత వెంట్రుకవాసి సందు కూడా లేకుండా ఉండాలి. అన్నిటికన్నా ముఖ్యం, చట్రం పిడితో కలిసే మెడ. బరువంతా పడేది, పగులు మొదలయ్యేది ఎక్కువగా అక్కడే. సంచిని కుట్టడానికి వేసిన రంధ్రాల లోపల కూడా వార్నిష్ పట్టిందో లేదో గమనించాలి. నీరు దొంగలా దూరేది వాటిలోంచే.

అల్యూమినియం వల చవక, పోషణ తక్కువ. చేపకైతే చట్రం దేనితో చేసిందన్న పట్టింపు లేదు. కొయ్య వల జారిపోతే సాధారణంగా తేలుతుంది, చలిలో చేతిని కొరకదు, విరిగితే బాగుచేసుకోవచ్చు. ప్రతిగా అది శ్రద్ధ కోరుతుంది. వేట ముగిశాక నీడలో ఆరబెట్టాలి. పూత పెచ్చులూడిన చోట వెంటనే మళ్లీ వార్నిష్ వేయాలి. ఒక నదిలో తడిసిన సంచిని కడిగి, పూర్తిగా ఆరబెట్టకుండా మరో నదిలో ముంచకూడదు. చేపల జబ్బులు ఒక నీటి నుంచి మరో నీటికి అలా కూడా ప్రయాణిస్తాయి.

ఇన్ని జాగ్రత్తలూ ఒక అలవాటు ముందు వృథా. వలను ముందే నీళ్లలో ముంచి, తడిచేతులతో చేపను దానిమీదికి నడిపించాలి. వలతో చేపను తరిమి చేదితే ఎంత ఖరీదైన కొయ్యయినా దాన్ని కాపాడలేదు. పిడి మీది నగిషీ వేటగాడి ముచ్చట కోసం. చేపకు కావలసింది మెత్తటి సంచి, చాలినన్ని నీళ్లు, తొందరగా వదిలేసే మనిషి.