ల్యూబెక్ బాతులు, మన పిల్లల చూపులు

శనివారం తరగతిలో పిల్లలకు తెలుగు సినిమాలోని పోరాట సన్నివేశం ఒకటి చూపించి "ఏం చూశారు?" అని అడిగితే అందరిదీ ఒకటే జవాబు: "హీరో కొట్టాడు." ఆపైన మాటలు లేవు. పిల్లలకు తెలుగు రాకనే ఇలా జరుగుతోందని ఇన్నాళ్ళూ బాధపడ్డాము. లోపం మేము ఎంచుకున్న బొమ్మలోనూ ఉందని ఇప్పుడు అనిపిస్తున్నది.

మన జర్మనీలోనే ల్యూబెక్ విశ్వవిద్యాలయానికి చెందిన మిఖాయెల్ డోర్, థోమాస్ మార్టినెట్స్, ఎర్హార్ట్ బార్ట్, గీసెన్ విశ్వవిద్యాలయానికి చెందిన కార్ల్ గేగెన్‌ఫుర్ట్‌నర్ కలిసి 2010లో ఒక పరిశోధన ప్రచురించారు. 54 మందికి 18 వీడియోలు చూపించారు. వాటిలో కథ లేదు, కత్తిరింపులు లేవు. హోల్‌స్టెన్ టోర్ పరిసరాలు, వీధులు, సముద్రతీరం, బాతులు, అంతే.

మన కంటికి బాగా స్పష్టంగా కనబడేది చేయి చాచి పట్టుకున్న బొటనవేలి గోరంత మేర మాత్రమే. అందుకే కన్ను సెకనుకు సుమారు మూడుసార్లు చోటు మారుస్తుంది. ఆ కదలికలను పరికరంతో నమోదు చేసి, ఒకరి చూపును మరొకరి చూపుతో పోల్చారు. కొన్ని క్షణాల్లో నూటికి 80 మంది దాకా ఒకే చోట చూశారు. మిగతా సమయంలో చాలావరకు ఎవరి చూపు వారిదే! హాలీవుడ్ యాక్షన్ చిత్రాల ట్రైలర్లు వేస్తే మాత్రం చూపులు మరింతగా ఒకచోట చేరాయి. ప్రేక్షకుడి కన్ను ఎక్కడ ఉండాలో దర్శకుడు, ఎడిటరు ముందే తేల్చేస్తారు మరి. అది వారి పనితనం, తప్పుపట్టడం లేదు.

కాని అందరూ ఒకటే చూశాక ఒకరికొకరు చెప్పుకునేదేముంటుంది? ఒక ఆదివారం పిల్లలను చెరువు దగ్గరకు తీసుకువెళ్ళాము. ఒకడు బాతు తల నీళ్ళలో ముంచడం చూశాడు, ఒక పాప గట్టు మీద తాతగారి చేతిలోని రొట్టెముక్క చూసింది. "నేను చూడలేదే!" అని వాదన. "మునగడం" అనే మాట వాళ్ళే అడిగి నేర్చుకున్నారు.

ఆ పరిశోధకులు భాషాబోధన గురించి ఏమీ చెప్పలేదు, ఈ ఊహ మాది. గుణింతాల కోసం ఇంత దూరం వస్తే బాతులు చూపిస్తారా అని కొందరు తల్లిదండ్రులు అడగవచ్చు. గుణింతాలు మానమనడం లేదు, నెలకొక తరగతి బయట జరుపుదామంటున్నాము. పెద్దలూ రావాలి. అయితే "అదిగో అటు చూడు" అని ముందే వేలు చూపించకూడదు.