బడి, బంతి, బొమ్మ

రాజోలు నుంచి అమలాపురం కాలేజీకి రోజూ బస్సులో వచ్చే ఓ డిగ్రీ కుర్రాడి వ్యాసంతో ఈ సంచిక మొదలవుతోంది. చదువు గురించి రాయమంటే బాస్కెట్‌బాల్‌లోకి, అక్కణ్ణుంచి సినిమాల్లోకి వెళ్లాడు. మేం దేన్నీ కత్తిరించలేదు. ఆ వయసులో మూడూ కలిస్తేనే బతుకు.

ఇంటర్ రెండేళ్లూ ఆటల పీరియడ్ ఏమైపోయిందని అడుగుతున్నాడు. అమలాపురం బ్యాడ్మింటన్ ఆటగాడు సాత్విక్‌సాయిరాజ్ రంకిరెడ్డి ఊరు. 2022లో థామస్ కప్ గెలిచిన జట్టులో ఆడి, మరుసటి ఏడు చిరాగ్ శెట్టితో కలిసి డబుల్స్‌లో ప్రపంచ నంబర్ వన్ అయ్యాడు. అలాంటిచోట పిల్లలకి సాయంత్రం గంట ఆట కరువవడం నన్ను నిజంగా బాధపెడుతోంది. బాస్కెట్‌బాల్ కోర్టుకి 28 మీటర్ల పొడవు, 15 మీటర్ల వెడల్పు చాలు. కొబ్బరితోటల సీమలో ఆమాత్రం జాగా దొరకదా?

సినిమాల దగ్గరే అతనితో నాకు పేచీ. 2011లో వచ్చిన ‘గోల్కొండ హైస్కూల్’ అతనికి ప్రాణం. అందులో బడి మైదానం ఐఐటీ కోచింగ్ సెంటర్ పాలు కాకుండా ఉండాలంటే పిల్లల క్రికెట్ జట్టు గెలిచి తీరాలి. సినిమా నాకూ ఇష్టమే, ఆ షరతే మింగుడుపడదు. ఓడిపోయే పిల్లలకీ మైదానం కావాలి. కొత్తపేట, రాజోలు విద్యార్థులు దీనిపై ఏమంటారో రాయండి, వచ్చే సంచికలో వేస్తాం.